రెండు రాత్రుల వనవాసము

బిడ్డను కంటికి రెప్పవలె కాచుట తల్లికి సహజము. అయితే రెప్ప యెల్లప్పుడును మూసికొనియే యుండినచో కన్ను లోకము నెట్లు చూడగలదు? ఈ ప్రశ్న మాకు మొన్నటి మార్గశిరమున గాని తోచలేదు.

మాది హైదరాబాదు. మా అమ్మాయికి ఎనిమిదేండ్లు. మూడవ తరగతి చదువుచున్నది. ఒకనాడు బడినుండి యొక కాగితము తెచ్చి మా చేతికిచ్చెను. సుమారు 80 కిలోమీటర్ల దూరమున, వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో రెండు రాత్రులు శిబిరము. పిల్లలు గుడారములలో పరుండుదురు, అడవిలో నడతురు, తాళ్లవంతెన దాటుదురు. సమ్మతియైనచో తల్లిదండ్రులు సంతకము చేయవలెను. చదివినంతనే మాకు గుండె జారిపోయినది. తల దువ్వుకొనుటయైనను చేతగాని పసిది, అందును ఆడపిల్ల, అడవిలో రాత్రి యెట్లుండును? సంతకము చేయరాదని నిశ్చయించుకొంటిమి.

మా అత్తగారు మాత్రము నవ్విరి. "కార్తికంలో వనభోజనాలకు మేమంతా బండ్లు కట్టుకొని పోయేవాళ్లం. ఉసిరిచెట్టు కింద వండుకొని తిని, వాగులో ఆడుకొని, చీకటిపడ్డాక ఇల్లు చేరేవాళ్లం. అప్పుడు మమ్మల్ని ఎవరు కాచారే? పిల్లను పోనియ్యి" అనిరి.

ఆ మాటతో మేము బడికి పోయి ఉపాధ్యాయినిగారిని అడుగదలచిన వన్నియు అడిగితిమి. రాత్రి ఆడపిల్లల గుడారములకడ స్త్రీ లెవరుందురు? త్రాగునీరు కాచి చల్లార్చినదేనా? పాముకాటునకు మందున్న ఆసుపత్రి యెంత దూరము? గుడారములు వాగుప్రక్కన వేయుదురా, మెరకమీదనా? ఆమె విసుగుకొనక అన్నిటికిని సమాధానము చెప్పిరి. ఇట్టి ప్రశ్నలడుగుట అనుమానము గాదు, తల్లి బాధ్యత. జవాబులు తడబడినచో పంపకుండుటయే మేలు.

ఇట్టి శిబిరములు నిన్న మొన్న పుట్టినవి కావనియు ఆమె తెలిపిరి. 1907 ఆగస్టులో ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ ద్వీపమున బేడెన్ పవెల్ సుమారు ఇరువదిమంది బాలురతో నడపిన శిబిరమే స్కౌటు ఉద్యమమునకు నాంది. మన దేశమున 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలో చిన్న బాలురకు కబ్, చిన్న బాలికలకు బుల్‌బుల్ అను శాఖలు గలవు. ఆడపిల్లలకును ఇది క్రొత్త గాదని గ్రహించి సంతకము చేసితిమి.

మూడవనాటి సాయంకాలము అమ్మాయి దుమ్ము కొట్టుకొని, మోకాలు గీచుకొని తిరిగివచ్చెను. గుమ్మములో చెప్పిన మొదటిమాట, "అమ్మా, నేను వంతెన మీద ఏడ్చాను" అని.

రెండు చెట్లకు మోకులు బిగించి, పెద్దవారి నడుమెత్తున కట్టిన వంతెన యది. క్రింద వల, పిల్లల నడుమునకు త్రాడు. సగము దూరము పోయి కాళ్లు వణకి నిలిచిపోయినదట. ఉపాధ్యాయినిగారు ప్రక్కనే నిలిచిరే గాని యెత్తి దింపలేదు. "తొందర లేదు. ముందుకైనా సరే, వెనక్కైనా సరే, ఒక్కొక్క అడుగు నువ్వే వెయ్యి" అనిరట. అమ్మాయి వెనుకకే వచ్చెను. ఎవరును నవ్వలేదు. మరునాటి ఉదయమున తానే పోయి, మరల ఎక్కి, దాటెను.

అచ్చట మేమున్నచో నేమి చేసియుందుము? పరుగున పోయి యెత్తుకొనియుందుము. బిడ్డ యేడుపు మానియుండును. కాని మరునాటి ఉదయము దానికి దక్కియుండదు. ప్రమాదమునుండి కాపాడుట వేరు, కష్టమునుండి తప్పించుట వేరు అని మాకు బోధపడినది అప్పుడే.

ఇంకొక సంగతి. మూసీనది ఆ అనంతగిరి కొండలలోనే పుట్టి, హైదరాబాదు నడుమ పారి, నల్లగొండ జిల్లా వాడపల్లికడ కృష్ణలో కలియును. 1908 సెప్టెంబరులో వరదయై మా నగరమును ముంచినదీ నదియే. అటుపిమ్మట గండిపేటకడ దీనిపై కట్టిన ఉస్మాన్‌సాగరు 1920లో పూర్తియైనది. కొండలోని సన్నని జాలును పిల్లలకు చూపిరట. "అమ్మా, అక్కడ మూసీ కంపు కొట్టదు. మరి మన దగ్గర ఎవరు పాడుచేశారు?" అని అమ్మాయి యడిగెను. మాకు వెంటనే జవాబు దొరకలేదు. పాఠము పదిమార్లు వ్రాయించినను ఈ ప్రశ్న పుట్టియుండునా?

సోదరీమణులారా, పిల్లలను పంపదలచితిరేని నాలుగు మాటలు వినుడు. నెలదినములు ముందుగా తన పక్క తాను వేసికొనుట, తన కంచము తాను కడుగుకొనుట ఇంటనే నేర్పుడు. వ్రేళ్లను కప్పు బూట్లు, పొడుగుచేతుల చొక్కా, టార్చిలైటు, ఈల యొకటి యిండు. తేనెటీగలుండు తావులకు అత్తరు పూసి పంపకుడు. ఉబ్బసము వంటి జబ్బున్నచో దాచక వ్రాసి, మందుతోకూడ ఉపాధ్యాయినికి అప్పగింపుడు. పాము కరచినచో గాయమును కోయుటయు, గట్టిగా కట్టుటయు హానికరములు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఈ సంగతి పిల్లలకును తెలిసియుండవలెను.

ఇప్పుడు మా యింట ఉదయము తల దువ్వుకొనుట అమ్మాయి పనియే. పాపిట వంకరగానే యుండును. సరిచేయుటకు మా చేయి లేచును, మరల దింపుకొందుము.