దక్షిణ ధ్రువంలో న్యూట్రినో కాపలా

ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతిలో న్యూట్రినోల పాఠం చెబుతుండగా వెనక బెంచీ నుంచి ఒక విద్యార్థి అడిగాడు: "సార్, దక్షిణ ధ్రువంలో పెట్టిన ఆ పరికరం మొత్తం మంచులో పాతేసిందే కదా. మిగతాది కంప్యూటర్లు చూసుకుంటాయి. మరి అక్కడ మనుషులెందుకు?" అతను పగలు చదువుకుంటూ రాత్రిపూట విద్యుత్ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేస్తాడు. "మీ సబ్‌స్టేషన్‌లో బ్రేకర్లు వాటంతటవే ట్రిప్ అవుతాయి కదా, మరి మీరెందుకు?" అన్నాను. తరగతంతా నవ్వింది. కానీ అది ఎదురు ప్రశ్నే తప్ప జవాబు కాదు. జవాబు కాస్త పెద్దది. అది ఈ పాఠంలో చెప్పుకుందాం.

న్యూట్రినోకు విద్యుదావేశం లేదని, ద్రవ్యరాశి దాదాపు లేనంత స్వల్పమని ఇదివరకే చదివారు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మన బొటనవేలి గోరంత చోటు గుండా సెకనుకు సుమారు 6,500 కోట్లు దూసుకుపోతుంటాయి. మనకు తెలియదు, వాటికీ పట్టదు. భూమికి ఈవల దూరి ఆవల తేలగలవు. ఎప్పుడో ఒకటి ఏదో ఒక పరమాణు కేంద్రకాన్ని ఢీకొంటుంది. అప్పుడు పుట్టే ఆవేశిత కణాన్ని పట్టుకుని, "ఇక్కడికి ఒక న్యూట్రినో వచ్చింది" అని తెలుసుకోవాలి. అంతకు మించి దారి లేదు.

అయితే నేల మీద ఈ పని సాగదు. విశ్వకిరణాలు పై వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యూయాన్లు రాత్రింబవళ్లు వానలా కురుస్తుంటాయి. అవి కూడా ఆవేశిత కణాలే. సాయంత్రం పూట సుల్తాన్ బజార్ సందులో నిలబడి ఎవరో గుసగుసగా చెప్పే మాట వినాలనుకోవడం ఎలాంటిదో, నేల మీద న్యూట్రినోను వెతకడం అలాంటిది. అందుకే పరికరాన్ని లోతుకు దించుతారు. పైనున్న రాయి మ్యూయాన్లను చాలావరకు ఆపేస్తుంది. న్యూట్రినోకు ఆ రాయి అడ్డే కాదు.

కోలార్ నుంచి ధ్రువానికి

ఈ విద్య మన పక్కింట్లోనే మొదలైందని చాలామందికి తెలియదు. కుప్పం దాటి కర్ణాటకలో అడుగుపెడితే కోలార్ బంగారు గనులు. ఇళ్లలో, బజార్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలగలిసి వినిపించే ప్రాంతం. అక్కడి ఛాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థకు, జపాన్‌లోని ఒసాకా సిటీ, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాలకు చెందిన శాస్త్రవేత్తలు కలిసి పరికరాలు అమర్చారు. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం ఆ బృందంలోని వారు. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను వారు 1965లో పట్టుకున్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని మరో బంగారు గనిలో ఫ్రెడరిక్ రైనెస్ బృందమూ పట్టుకుంది. ప్రపంచంలో అంతకుముందు ఎవరూ చూడనిది అది.

కోలార్‌లో పని అంటే వేడి, ఉక్క, రాయి ఒత్తిడికి గని గోడలు ఉన్నట్టుండి పగిలే ప్రమాదం. గని కార్మికులు దిగే బోనులోనే శాస్త్రవేత్తలూ దిగేవారు. కానీ పని ముగిస్తే పైకి వచ్చి సూర్యుడిని చూడవచ్చు, ఇంటికి వెళ్లి భోంచేయవచ్చు. దక్షిణ ధ్రువంలో కుదరనిది ఇదే.

అలాంటప్పుడు ధ్రువానికి వెళ్లడం ఎందుకు? సుదూర గెలాక్సీల నుంచి వచ్చే అత్యధిక శక్తి గల న్యూట్రినోలు చాలా అరుదు. వాటి కోసం పరికరం పరిమాణం ఘన కిలోమీటరు మేరకు ఉండాలి. అంత గదిని ఏ గనిలోనూ తవ్వలేం. దక్షిణ ధ్రువంలో మంచు మందం 2.7 కిలోమీటర్లకు పైనే. పైగా సుమారు 1,400 మీటర్ల కింద ఒత్తిడికి గాలి బుడగలు మాయమై, మంచు అతి స్వచ్ఛంగా, చిమ్మచీకటిగా ఉంటుంది. న్యూట్రినో ఢీకొన్నప్పుడు పుట్టిన కణం ఆ మంచులో కాంతి కన్నా వేగంగా పరుగెడుతుంది. (శూన్యంలోని కాంతి కన్నా కాదు, మంచులో కాంతి వేగం సెకనుకు సుమారు 2.3 లక్షల కిలోమీటర్లే. పరీక్షల్లో ఏటా ఇక్కడే తప్పు రాస్తున్నారు.) అప్పుడు వెలువడే నీలి వెలుగే చెరెన్‌కోవ్ కాంతి.

ఆ వెలుగును పట్టే అబ్జర్వేటరీ పేరు ఐస్‌క్యూబ్. 2004 నుంచి 2010 డిసెంబర్ దాకా, ఎండాకాలాల్లో మాత్రమే పనిచేస్తూ, వేడినీటి ధారతో మంచును కరిగించి 86 బావులు దించారు. ఒక్కో బావిలో ఒక కేబుల్, దానికి పూసల్లా 60 గాజు గోళాలు, మొత్తం 5,160. అవి 1,450 మీటర్ల నుంచి 2,450 మీటర్ల లోతు వరకు ఉన్నాయి. నీరు మళ్లీ గడ్డకట్టింది. ఇక ఏ గోళాన్నీ బయటకు తీయలేరు, బాగుచేయలేరు. అయినా నూటికి 98కి పైగా ఇప్పటికీ పనిచేస్తున్నాయి. నాకు తెలిసినంతలో ఇంత పొదుపైన ఇంజినీరింగ్ అరుదు.

ఇక్కడ మీరే ఒక లెక్క వేయండి. పైనుంచి వచ్చే మ్యూయాన్ల వల్ల ఐస్‌క్యూబ్ సెకనుకు సుమారు 2,700 సార్లు మేల్కొంటుంది. వాతావరణ న్యూట్రినోలు రోజుకు సుమారు 275 దొరుకుతాయి. అంటే ఒక న్యూట్రినోకు ఎన్ని మ్యూయాన్లు? ఎనిమిది లక్షలకు పైగా వస్తే మీ లెక్క సరైనదే. ఈ తూర్పారబట్టడానికి ముఖ్యమైన ఉపాయం, భూమినే జల్లెడగా వాడుకోవడం. కింది నుంచి, అంటే భూమిని దాటుకుని వచ్చిన కణం మ్యూయాన్‌గా బయలుదేరి ఉండదు.

ఎనిమిది నెలల ఒకే గడప

ఐస్‌క్యూబ్ పక్కనే ఉన్నది అమెరికా నడిపే అముండ్‌సెన్–స్కాట్ కేంద్రం. 1957 నుంచి అక్కడ ఒక్క శీతాకాలం కూడా మనుషులు లేకుండా గడవలేదు. సముద్ర మట్టానికి 2,835 మీటర్ల ఎత్తు. ధ్రువం దగ్గర గాలి పలుచన కాబట్టి ఊపిరితిత్తులకు అది మూడు వేల మీటర్లు దాటినట్టే ఉంటుంది. ఎండాకాలంలో 150 మంది దాకా ఉంటారు. ఫిబ్రవరి మధ్యలో చివరి విమానం వెళ్లిపోయాక మిగిలేది నలభై మంది చిల్లర. మళ్లీ విమానం అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో. మధ్యలో చలికి విమాన ఇంధనం చిక్కబడిపోతుంది, మామూలుగా ఎవరూ రారు. 1999 శీతాకాలంలో కేంద్రంలోని ఏకైక వైద్యురాలు జెర్రీ నీల్సెన్‌కు రొమ్ము క్యాన్సర్ బయటపడితే, ఆకాశం నుంచి మందులు జారవిడిచారు. తనకు తానే వైద్యం చేసుకుంటూ అక్టోబర్ దాకా ఎదురుచూసింది.

శీతాకాలపు ఉష్ణోగ్రత సగటున మైనస్ 60 డిగ్రీలు. 1982 జూన్ 23న మైనస్ 82.8 నమోదైంది. సూర్యుడు మార్చిలో ఒకసారి అస్తమిస్తాడు, సెప్టెంబర్‌లో ఒకసారి ఉదయిస్తాడు. ఏడాదంతటికీ ఒక పగలు, ఒక రాత్రి. గడియారం మాత్రం న్యూజిలాండ్‌ది.

నీళ్ల సంగతి విద్యార్థులు నమ్మరు. మూడు వైపులా కాదు, ఆరు దిక్కులా మంచినీరే, గడ్డకట్టి ఉంది. దాన్ని కరిగించడానికి ఇంధనం కావాలి; ఇంధనమేమో విమానంలోనో, మంచు మీద ట్రాక్టర్ల బారులోనో రావాలి. అందుకని స్నానం వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టిన మనకు ఈ రేషన్ కొత్త కాదు, కారణమే వేరు.

చీకటి నెలల్లో నిద్ర చెదురుతుంది, చిన్న విషయాలు మరిచిపోతారు, ఎదుటివాడు చెంచా పెట్టే చప్పుడుకే చిరాకు పుడుతుంది. దీన్ని శీతాకాల లక్షణంగా వైద్యులు చాలాకాలంగా గుర్తిస్తున్నారు. శీతాకాలం ఉండబోయే వారికి శరీర పరీక్షలతో పాటు మానసిక పరీక్షలు కూడా చేసేది అందుకే. అశోక్ నగర్‌లో ఒక గదిలో నలుగురు ఉండి పోటీ పరీక్షలకు చదివినవారికి ఇందులో సగం అర్థమవుతుంది. తక్కిన సగం, తలుపు తీసి టీ కొట్టు దాకా వెళ్లలేకపోవడం.

ఇలాంటి కాపురం తెలిసినవాళ్లు హైదరాబాదులోనూ ఉన్నారు. హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రంలో భూకంప పరిశీలన నడుపుతోంది. మైత్రి ఖండం అంచుకు దగ్గర కాబట్టి అక్కడ సూర్యుడు కనిపించని కాలం రెండు నెలలే. ధ్రువంలో ఆరు.

ఇద్దరి పని

ఆ నలభై మందిలో ఐస్‌క్యూబ్ తరఫున ఉండేది ఇద్దరే. గోళాల నుంచి కేబుళ్లన్నీ వచ్చి చేరే ప్రయోగశాల కేంద్రానికి సుమారు కిలోమీటరు దూరం. ఏ కంప్యూటర్ మొరాయించినా వాళ్ల దగ్గరున్న పరికరం మోగుతుంది, అది తెల్లవారుజామైనా సరే. కొన్ని దూర నుంచే సరిచేస్తారు. మిగతా వాటికి బట్టల మీద బట్టలు తొడిగి, మంచులో పాతిన జెండాల వరస పట్టుకుని నడుస్తారు. తలకు ఎర్ర దీపమే పెట్టుకోవాలి. తెల్ల వెలుగు అక్కడి ఆకాశ కెమెరాలను చెడగొడుతుంది. లోపల కంప్యూటర్ల వేడి. బయట ఎముకలు కొరికే చలి. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, స్థిర విద్యుత్తు దిగకుండా సర్క్యూట్ బోర్డును ముట్టుకుంటే అది పోయినట్టే.

రోజుకు పోగయ్యే సమాచారం సుమారు ఒక టెరాబైట్. ఉపగ్రహం రోజులో కొన్ని గంటలే అందుతుంది కాబట్టి అందులో పదో వంతును మాత్రమే పంపుతారు. మిగతాది డిస్కుల్లో విమానం కోసం ఆగుతుంది. చెడిన డిస్కు మార్చడం, కొలతలు సరిచూడడం, వారం వారం నివేదిక రాయడం: పని ఇంతే. పైగా అందరిలాగే గిన్నెలు కడగాలి, నేల తుడవాలి, మంటలార్పే బృందంలో ఉండాలి.

ఇంత కష్టపడి పరికరం 99 శాతానికి పైగా సమయం నడిచేలా చూస్తారు. మిగిలిన ఒక్క శాతం పోతే ఏమిటంటారా? ఏడాదిలో ఒక శాతం అంటే మూడున్నర రోజులకు పైనే. 2017 సెప్టెంబర్ 22న, ధ్రువంలో దీర్ఘరాత్రి ముగిసి సూర్యుడు పైకి వస్తున్న రోజున, మన గడియారం ప్రకారం మర్నాడు తెల్లవారుజామున 2 గంటల 24 నిమిషాలకు, ఒక న్యూట్రినో మంచును ఢీకొంది. దాని శక్తి సుమారు 290 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఎల్‌హెచ్‌సీ ఒక్కో ప్రోటాన్‌కు ఇచ్చే శక్తికి 40 రెట్లకు పైగా. 43 సెకన్లలో ప్రపంచ దూరదర్శినులకు హెచ్చరిక వెళ్లింది. ఫెర్మీ ఉపగ్రహం, మ్యాజిక్ దూరదర్శినులు ఆ దిక్కుకు సంబంధించిన సమాచారం చూస్తే, ఓరియన్ మండలంలో ఒక బ్లేజార్ రగులుతూ కనిపించింది. ఆ కాంతి అక్కడ బయలుదేరి సుమారు 400 కోట్ల ఏళ్లయింది. ఆ నిమిషంలో కరెంటు పోయి ఉంటే మళ్లీ చూద్దామనడానికి లేదు. రెండో ప్రయోగం పెట్టడానికి బ్లేజార్ మన చేతిలో లేదు.

కరెంటు అన్నాను కదా. ఆ ఇద్దరు భౌతిక శాస్త్రం తెలిసినవారు జనరేటర్ నడపరు. నడిపేది మెకానిక్కులు. వాళ్లకు అన్నం పెట్టేది వంటవాళ్లు. కోలార్‌లోనూ ఇదే జరిగింది. నీళ్లు తోడే పంపులు, గాలి పంపే యంత్రాలు, బోను నడిపే మనిషి: అన్నీ బంగారం కోసం ఉన్నవే, భౌతిక శాస్త్రం అక్కడ అద్దెకున్నట్టు. బంగారం గిట్టుబాటు కాక 1990ల మొదట్లో లోతు అంతస్తులు మూతపడితే ప్రయోగమూ ఆగింది. 2001 ఫిబ్రవరి 28న గనులే మూతపడ్డాయి. పంపులు ఆగాయి. వాతావరణ న్యూట్రినోను తొలిసారి చూసిన చోట్లలో ఒకటి ఇప్పుడు నీళ్లలో ఉంది.

ఆ తరువాతి వారం సబ్‌స్టేషన్ విద్యార్థికి ఇదంతా చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, "మరి ఆ ఇద్దరికీ రిలీవర్ ఎప్పుడొస్తాడు సార్?" అన్నాడు. నవంబర్‌లో. కొత్త ఇద్దరికీ కొన్ని వారాలు పక్కన ఉండి పని నేర్పి, తాళాలు, లాగ్‌బుక్ అప్పజెప్పి పాతవాళ్లు విమానం ఎక్కుతారు. న్యూజిలాండ్‌లో దిగగానే ముందు తెలిసేది తడి మట్టి వాసన, చెట్ల వాసన అని అక్కడ ఉండి వచ్చినవారు చెబుతారు.