వలలు బాగుచేయు వనితలు

శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి వచ్చు జనసముద్రమును ఎరిగియు, నిజమైన సముద్రమును ఎన్నడును చూడనివారు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఎందరో కలరు. అట్టి శ్రోతలకు చేపలరేవు దూరపు మాటయే. అయినను ఒక రేవుపల్లె చిత్రమును గూర్చి మేము ముచ్చటింపదలచితిమి. అందలి పని మనకు కొత్తది కాదు.

చిత్రకారుడు విన్‌స్లో హోమర్. 1836లో అమెరికాలోని బోస్టన్ నగరమున జన్మించెను. అంతర్యుద్ధకాలమున పత్రికలకు రణరంగదృశ్యములు గీసి పేరు గడించెను. 1881లో ఇంగ్లండు ఈశాన్యతీరమునందలి కల్లర్‌కోట్సు అను బెస్తపల్లెకు వచ్చి, 1882 నవంబరు వరకు అచటనే నిలిచెను.

ఆ పల్లెలో మగవారు కడలిపైకి పోయెడివారు. ఎరను ఏరి తెచ్చుట, వందలకొలది గాలములకు గ్రుచ్చుట, తెగిన వలను అల్లుట, పడవ ఒడ్డు చేరగానే చేపలను వీపుబుట్టలలో మోసికొనిపోయి ఇంటింట అమ్ముట, ఇదంతయు స్త్రీల పాలు. ఎర సిద్ధము కానిదే గాలపుపడవ కదలి ఫలమేమి?

1882లో హోమర్ రచించిన నీటిరంగుల చిత్రము 'మెండింగ్ ది నెట్స్', అనగా వలలు బాగుచేయుట, నేడు వాషింగ్టను జాతీయ చిత్రశాలలో కలదు. ఇద్దరు యువతులు బల్లపై ప్రక్కప్రక్కన కూర్చుండియున్నారు. తలలు వంగియున్నవి; చూపు చేతిపనిమీదనే. వెనుక వ్రేలాడు వలలే గాని అలలు లేవు, పురుషుడును లేడు. మరుసటి యేట రచించిన 'ఇన్‌సైడ్ ది బార్' న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియములో నున్నది. అందు బుట్టతో నిలిచిన స్త్రీ ముందరిబట్ట గాలికి తెరచాపవలె ఉబ్బియున్నది. చూడగానే ఆకర్షించునది అదియే. మాకు మాత్రము ఆ వలల చిత్రమే మిన్న. గాలి హోరు లేకున్నను అందు పని కనబడుచున్నది.

విశాఖపట్టణపు చేపలరేవు 1976లో ఏర్పడినది. అచటను వేలములో చేపలు కొని, ఎండబెట్టి, తట్టలతో అమ్మువారిలో స్త్రీలే మెండు. అయినను వేట యనగానే మనకు తోచునది పడవమీది మనిషియే.

ఎమ్మిగనూరునకు మరలుదము. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఊరది. మగ్గమున కూర్చున్నవానిని నేతగాడందుము. నూలు తోడి, కండెలు చుట్టి అందించు ఇల్లాలికి వేరొక పేరు లేదు. ఇంటి మగ్గములపై కూలి సామాన్యముగా నేసిన బట్టకే కట్టుదురు; కండెల లెక్క అందులో కలిసిపోవును. కండె ఆగినచో నాడె యాగును గదా!

హోమర్ చిత్రపు ముద్రితప్రతి ఎచటనైన లభించినచో, పాఠకులు మొదట ఆ యువతుల చేతులను చూతురు గాక. ముఖములను తరువాత చూడవచ్చును.