రిఫరెన్స్ లిస్ట్‌లో ఒకే పేపర్ రెండుసార్లు వస్తోందా? డిలీట్ కొట్టే ముందు ఇది చదవండి

ప్రాజెక్ట్ రిపోర్ట్ అయిపోయింది అనుకుని చివరి పేజీలోకి వెళ్తే, రిఫరెన్స్ లిస్ట్‌లో 4వ నంబర్‌లో ఉన్న పేపరే మళ్లీ 17వ నంబర్‌లోనూ కనిపిస్తుంది. నంబర్లు వచ్చే ఐఈఈఈ స్టైల్‌లో ఇలా ఉంటుంది. ఏపీఏ లాంటి స్టైల్ వాడేవాళ్లకి ఇంకోలా బయటపడుతుంది. ఆ రచయితలది మీరు చదివింది ఒక్క పేపరే, కానీ సైటేషన్‌లో సంవత్సరం పక్కన ఏ, బీ అని తోకలు తగులుతాయి. లేదంటే అందరికీ ఇంటిపేరు మాత్రమే వస్తుంటే ఒక్కరికి మాత్రం ముందు ఇనీషియల్ వచ్చి కూర్చుంటుంది. చాలాసార్లు ఈ మూడింటికీ కారణం ఒకటే. మీకు అది ఒక పేపర్, మీ సాఫ్ట్‌వేర్‌కి రెండు.

చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఎగ్జామినర్ వైపు నుంచి ఆలోచించండి. ఒకే పేపర్‌ని రెండు పేపర్లుగా లెక్క చూపించారంటే, అసలు వీళ్లు ఇవి చదివారా, లిస్ట్ నింపారా అనే డౌట్ రావడం సహజం. ఏళ్ల తరబడి చేసిన పనికి అలాంటి డౌట్ తగలడం అన్యాయం. సరిచేసే పని మహా అయితే ఒక గంట.

నేను ఇక్కడ ఎక్కువగా జొటెరో గురించే చెప్తాను. ఎందుకంటే అది ఫ్రీ, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది, నేను వాడేదీ అదే. 2006లో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ స్టూడెంట్స్‌కి బెస్ట్ ఆప్షన్ అని నా అభిప్రాయం. ఎండ్‌నోట్, లేటెక్ వాడేవాళ్ల సంగతి తర్వాత వస్తుంది.

సాఫ్ట్‌వేర్ టైటిల్ చూడదు

ముందు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే మిగతాది సులువు. జొటెరో లైబ్రరీలో ప్రతి ఐటమ్‌కీ ఒక ఐడీ ఉంటుంది. మీరు వర్డ్‌లో సైటేషన్ పెట్టినప్పుడు అక్కడ కనిపించేది బ్రాకెట్‌లో ఒక నంబరే అయినా, దాని వెనక ఆ ఐటమ్ ఐడీ, దాంతోపాటు టైటిల్, రచయితలు, సంవత్సరం లాంటి వివరాల కాపీ కూడా డాక్యుమెంట్‌లో దాక్కుని ఉంటాయి. రిఫరెన్స్ లిస్ట్ తయారుచేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ చూసేది ఈ ఐడీలనే. టైటిల్స్ పక్కపక్కన పెట్టి "అరె, ఇవి రెండూ ఒకటే కదా" అని అనుకోదు. రెండు ఐడీలు ఉంటే రెండు ఎంట్రీలు వేస్తుంది, అంతే.

మరి రెండు ఐడీలు ఎలా వస్తాయి? పొద్దున బస్సులో ఫోన్‌లో సేవ్ చేసిన పేపర్‌నే రాత్రి ల్యాప్‌టాప్‌లో క్రోమ్ కనెక్టర్ నొక్కి మళ్లీ సేవ్ చేస్తాం. సీనియర్ ఇచ్చిన బిబ్ ఫైల్‌ని ఒకసారి ఇంపోర్ట్ చేసి, అప్‌డేట్ అయిందని ఇంకోసారి చేస్తాం. సేవ్ చేసే టైమ్‌లో "ఇది ఆల్రెడీ ఉంది" అని జొటెరో ఆపదు. నన్నడిగితే ఆపాలి. ఫోన్‌లో కాంటాక్ట్ సేవ్ చేస్తేనే డూప్లికేట్ ఉందని చెప్పే రోజుల్లో ఇది పెద్ద లోటే.

డిలీట్ చేస్తే ఏమవుతుంది?

చాలామంది మొదట చేసే పని వర్డ్‌లోకి వెళ్లి, రిఫరెన్స్ లిస్ట్‌లో రెండోసారి వచ్చిన లైన్‌ని చేత్తో చెరిపేయడం. రిఫ్రెష్ నొక్కగానే అది మళ్లీ వచ్చేస్తుంది. ఒకవేళ రాకపోయినా, పైన చాప్టర్‌లో 17 అని ఉన్న సైటేషన్ అలాగే ఉంటుంది, కింద 17 మాత్రం ఉండదు. ఇది డూప్లికేట్ కంటే ఘోరం.

రెండో పని ఇంకా ప్రమాదం. లైబ్రరీలోకి వెళ్లి రెండు కాపీల్లో ఒకటి డిలీట్ చేసేయడం. మా జూనియర్ ఒకడు ఎంటెక్ థీసిస్ సబ్మిట్ చేయడానికి రెండు రోజుల ముందు ఇదే చేసి, "అన్నా, లైబ్రరీలో ఒక్కటే ఉంది, వర్డ్‌లో మాత్రం ఇంకా రెండు వస్తున్నాయి, వర్డ్ పాడైపోయిందా?" అని ఫోన్ చేశాడు. వర్డ్‌కి ఏం కాలేదు. వాడు డిలీట్ చేసిన కాపీయే రెండో చాప్టర్‌లో సైట్ అయి ఉంది. ఐటమ్ లైబ్రరీలో పోయినా దాని వివరాల కాపీ డాక్యుమెంట్‌లో ఉంది కాబట్టి ఆ ఎంట్రీ అలాగే వస్తూ ఉంటుంది. ఇప్పుడు దాన్ని సరిచేద్దామంటే లైబ్రరీలో పట్టుకోవడానికి ఏమీ లేదు.

వాడి అదృష్టం ఏంటంటే ట్రాష్ ఖాళీ చేయలేదు. జొటెరోలో డిలీట్ చేసినవి మామూలు సెట్టింగ్‌లో 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. అందులో ఐటమ్ మీద రైట్ క్లిక్ చేసి లైబ్రరీకి రీస్టోర్ చేయించాను, ఆ తర్వాత రెండింటినీ మెర్జ్ చేయించాను. వర్డ్‌లో రిఫ్రెష్ నొక్కగానే లిస్ట్ దారిలోకి వచ్చింది.

తేడా మొత్తం ఇక్కడే ఉంది. మెర్జ్ చేసినప్పుడు, "ఇక నుంచి ఆ పాత ఐడీ అడిగితే ఈ ఐటమ్ ఇవ్వు" అని జొటెరో గుర్తుపెట్టుకుంటుంది. డిలీట్ చేస్తే ఆ గుర్తు ఉండదు.

మెర్జ్ చేసే పద్ధతి

ఇది కంప్యూటర్‌లో కూర్చుని చేయండి. జొటెరోలో ఎడమవైపు లిస్ట్‌లో డూప్లికేట్ ఐటమ్స్ అని ఉంటుంది. దాన్ని ఓపెన్ చేసి ఏదైనా ఒక ఐటమ్ మీద క్లిక్ చేస్తే దాని జంట కూడా సెలెక్ట్ అవుతుంది. కుడివైపు ప్యానెల్‌లో ఏ కాపీని మెయిన్‌గా ఉంచాలో అడుగుతుంది. రెండు కాపీల్లో వివరాలు వేరుగా ఉన్న చోట పక్కన చిన్న ఐకాన్ వస్తుంది. దాన్ని నొక్కి సరైనది ఎంచుకోవచ్చు. తొందరపడి ఈ స్టెప్ వదిలేయకండి. ఒక కాపీలో డీఓఐ ఉంటుంది, ఇంకోదాంట్లో పేజీ నంబర్లు ఉంటాయి, మంచివి రెండూ ఏరుకునే ఛాన్స్ ఇదే. మెర్జ్ నొక్కాక రెండు కాపీల ట్యాగ్‌లు, నోట్స్, కలెక్షన్లు అన్నీ ఒక్కదాంట్లోకి వచ్చేస్తాయి. తర్వాత వర్డ్‌లో జొటెరో ట్యాబ్‌కి వెళ్లి రిఫ్రెష్.

ట్రాష్ కూడా ఖాళీ చేసేశారా? అప్పుడు షార్ట్‌కట్ లేదు. డాక్యుమెంట్‌లో ఆ సైటేషన్ ఉన్న ప్రతి చోటికీ వెళ్లి, యాడ్ ఎడిట్ సైటేషన్ నొక్కి, పాతది తీసేసి లైబ్రరీలో ఉన్నదాన్ని పెట్టాలి. సైటేషన్ డబ్బాలో పేరు మీద క్లిక్ చేసినప్పుడు లైబ్రరీలో ఓపెన్ చేసే బటన్ వస్తే అది బతికి ఉన్న లింక్, రాకపోతే తెగిపోయిన లింక్. ఏది మార్చాలో ఇలా కనిపెట్టండి.

డూప్లికేట్ లిస్ట్‌కి చిక్కనివి

డూప్లికేట్ ఐటమ్స్ ఖాళీ అయిపోయింది కదా, పని అయిపోయింది అనుకోవద్దు. అది పట్టుకునేది సులువైనవాటినే. టైటిల్, డీఓఐ, ఐఎస్‌బీఎన్ చూస్తుంది. అవి కలిస్తే సంవత్సరం, రచయితల పేర్లు పోలుస్తుంది. డీఓఐలు రెండూ ఉండి, అవి వేరైతే వదిలేస్తుంది.

ఏఐ మీద ప్రాజెక్ట్ చేసే ప్రతివాళ్లూ సైట్ చేసే రెస్‌నెట్ పేపర్‌నే తీసుకోండి. 2015 డిసెంబర్‌లో ఆర్కైవ్‌లో వచ్చింది (స్పెల్లింగ్‌లో ఎక్స్ ఉండే ప్రీప్రింట్ల ఆర్కైవ్). 2016లో సీవీపీఆర్ కాన్ఫరెన్స్‌లో 770 నుంచి 778 పేజీల్లో పబ్లిష్ అయింది. అదే టైటిల్, అదే నలుగురు రచయితలు. కానీ ఆర్కైవ్ కాపీ డీఓఐ 10.48550తో మొదలవుతుంది, కాన్ఫరెన్స్ కాపీది 10.1109తో. సంవత్సరం వేరు. జొటెరోలో ఒకటి ప్రీప్రింట్, ఇంకోటి కాన్ఫరెన్స్ పేపర్. మొదటి చాప్టర్ రాసేటప్పుడు ఒకటి, నాలుగో చాప్టర్ రాసేటప్పుడు ఇంకోటి సైట్ చేశారంటే లిస్ట్‌లో రెండూ దర్జాగా కూర్చుంటాయి, డూప్లికేట్ లిస్ట్‌లో మాత్రం కనపడవు.

ఇలాంటివి పట్టుకోవడానికి నేను చేసేది ఒకటే. లైబ్రరీని టైటిల్ ప్రకారం సార్ట్ చేసి పైనుంచి కిందకి ఒకసారి స్క్రోల్ చేయడం. రెండు మూడు వందల ఐటమ్స్ ఉన్నా పది నిమిషాల పని. జంట దొరికితే, ప్రీప్రింట్ ఐటమ్ టైప్‌ని కాన్ఫరెన్స్ పేపర్‌గా మార్చి, కంట్రోల్ పట్టుకుని రెండూ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌తో మెర్జ్ చేయండి. టైప్ ఒకటి కాకపోతే మెర్జ్ ఒప్పుకోదు. పబ్లిష్ అయిన కాపీని మెయిన్‌గా ఉంచండి. ప్రీప్రింట్‌లో మాత్రమే ఉన్న విషయం ఏదైనా కోట్ చేస్తుంటే తప్ప రెండూ ఉంచాల్సిన పని లేదు.

మన పేర్లతో ఇంకో తలనొప్పి. క్రామర్-రావు బౌండ్ వాడేవాళ్లు సి.ఆర్.రావు 1945 పేపర్ సైట్ చేస్తారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న కల్యంపూడి రాధాకృష్ణ రావు ఆయన. ఇంటిపేరు కల్యంపూడి, కానీ చివర్లో ఉన్న మాటే ఇంటిపేరు అనుకునే సాఫ్ట్‌వేర్ రావుని పట్టుకుంటుంది. ఇంకో సైట్ నుంచి దించుకుంటే ఇంటిపేరు గడిలో "రాధాకృష్ణ రావు" అని పడొచ్చు. అప్పుడు అక్షర క్రమంలో రెండు ఎంట్రీలూ పక్కపక్కనే ఉండకపోవచ్చు, ఉంటే కంటికైనా ఆనేది. రెడ్డి, నాయుడు, శాస్త్రి, శర్మ ఉన్న పేర్లన్నింటికీ ఇదే బాధ. సార్ట్ చేసేటప్పుడు రచయితల పేరుతో కాకుండా టైటిల్‌తో చేయమన్నది ఇందుకే.

అదే పేపర్‌తో ఇంకో చిక్కు ఉంది. 1945లో అది కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. 1992లో స్ప్రింగర్ వాళ్ల బ్రేక్‌త్రూస్ ఇన్ స్టాటిస్టిక్స్ పుస్తకంలో మళ్లీ అచ్చయింది. దించుకునేటప్పుడు ఏది వస్తుందో మీ అదృష్టం. ఇవి నిజానికి డూప్లికేట్లు కావు, రెండు ప్రచురణలు. కాబట్టి గుడ్డిగా మెర్జ్ చేయొద్దు. మీ చేతిలో ఉన్న పీడీఎఫ్ ఏదో చూసి, పేజీ నంబర్లు దాంట్లోంచే ఇచ్చి, అన్ని చోట్లా అదొక్కటే సైట్ చేయండి. పుస్తకంలోని కాపీ చదివి ఉంటే ఎక్స్‌ట్రా ఫీల్డ్‌లో ఒరిజినల్ డేట్ అని రాసి, కోలన్ పెట్టి, 1945 ఇవ్వండి (ఇంగ్లిష్‌లోనే). ఏపీఏ స్టైల్‌లో 1945/1992 అని చక్కగా వస్తుంది.

నలుగురి బ్యాచ్, నాలుగు లైబ్రరీలు

బీటెక్ ప్రాజెక్ట్ బ్యాచ్‌లలో డూప్లికేట్లకి అసలు కారణం చాలాసార్లు ఇదే. నలుగురూ ఒకే వర్డ్ ఫైల్‌లో రాస్తారు, కానీ ఎవరి లైబ్రరీలోంచి వాళ్లు సైట్ చేస్తారు. ఒకే పేపర్ నలుగురి దగ్గరా ఉంటే నాలుగు ఐడీలు, నాలుగు ఎంట్రీలు. ఇక్కడ మెర్జ్ కూడా పనిచేయదు, ఎందుకంటే ఒక లైబ్రరీలోని ఐటమ్‌ని ఇంకో లైబ్రరీలోనిదానితో మెర్జ్ చేయలేం. మీ సొంత లైబ్రరీకి, మీరే ఉన్న గ్రూప్ లైబ్రరీకి మధ్య కూడా ఇదే రూల్. గ్రూప్‌లోకి డ్రాగ్ చేస్తే వెళ్లేది కొత్త ఐడీతో ఒక కాపీ.

మొదటి రోజే ఒక గ్రూప్ లైబ్రరీ పెట్టుకుని, అందరూ దాంట్లోంచి మాత్రమే సైట్ చేయండి. ఆల్రెడీ కలగాపులగం అయిపోయి ఉంటే, బ్యాచ్‌లో ఓపిక ఉన్న ఒకరు కూర్చుని మిగతావాళ్ల సైటేషన్లు గ్రూప్ కాపీతో మార్చాల్సిందే. టీ, సమోసా ఖర్చు మిగతా ముగ్గురిది.

ఎండ్‌నోట్, లేటెక్ వాడేవాళ్లకి

ఎండ్‌నోట్‌లోనూ లెక్క ఇదే. అక్కడ ఐడీ బదులు రికార్డ్ నంబర్ ఉంటుంది. ఫైండ్ డూప్లికేట్స్ రెండు కాపీలు పక్కపక్కన చూపించి ఏది ఉంచాలో అడుగుతుంది, రెండోది ట్రాష్‌కి పోతుంది. దాని నంబర్‌తో సైట్ చేసిన చోట్ల మళ్లీ సరిచూసుకోవాలి. ప్రిఫరెన్సెస్‌లో ఫార్మాటింగ్ కింద లిస్ట్‌లోని డూప్లికేట్లని కలిపేసే ఆప్షన్ ఒకటి ఉంది, డెడ్‌లైన్ రాత్రి అదే దిక్కు.

లేటెక్‌లో ఒకే కీ రెండుసార్లు ఉంటే బిబ్‌టెక్ రిపీటెడ్ ఎంట్రీ అని గోల చేస్తుంది, అది మంచిదే. ఒకే పేపర్‌కి రెండు వేరే కీలు ఉంటేనే చప్పుడు చేయకుండా రెండుసార్లు వేస్తుంది. ఒక ఎంట్రీ తీసేసి, దాని కీని ఫైల్స్ అన్నింట్లో ఫైండ్ అండ్ రీప్లేస్ చేయండి. బిబ్‌లేటెక్ వాడుతుంటే ఇంకా సులువు. ఉంచిన ఎంట్రీలో ఐడీస్ అనే ఫీల్డ్ పెట్టి పాత కీ అందులో రాయండి. పాత కీతో సైట్ చేసిన చోట్లు కూడా ఇదే ఎంట్రీకి వస్తాయి, టెక్స్ట్ ముట్టుకోనక్కర్లేదు.

చివరగా, థీసిస్ పంపేముందు కొందరు గైడ్‌లు ఫీల్డ్ కోడ్స్ లేని ఫైల్ అడుగుతారు. జొటెరో ట్యాబ్‌లో అన్‌లింక్ సైటేషన్స్ నొక్కితే అన్నీ మామూలు టెక్స్ట్ అయిపోతాయి, లింకులు మళ్లీ తిరిగి రావు. అందుకే మెర్జ్‌లు, రిఫ్రెష్ అన్నీ అయ్యాక, ఫైల్‌ని వేరే పేరుతో కాపీ చేసుకుని, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ చేయండి. వైవా అయ్యాక కరెక్షన్లు వస్తే పని చేయాల్సింది ఒరిజినల్ ఫైల్‌లోనే.