నాలుక సాక్ష్యము: బీరు రుచిని తూచుట ఎట్లు?

బరువును త్రాసు చెప్పును. వేడిమిని ఉష్ణమాపకము చెప్పును. మరి రుచిని చెప్పు పరికరమేది? నేటికిని మనుష్యుని నాలుక, ముక్కులే. కాని ఈ పరికరము అలసిపోవును. కన్ను చెప్పిన మాట విని మోసపోవును. ఇట్టిదాని సాక్ష్యమును నమ్మి తీర్పు చెప్పవచ్చునా? ఈ చిక్కును విప్పుటకు పాటుపడినవారిలో బీరు తయారుచేయువారు ముఖ్యులు.

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలను దంచి వేడినీట నానబెట్టినచో తియ్యని రసము వచ్చును. అందులో హాప్స్ అను తీగ పూవులను వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుదురు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. హాప్స్ చేదు నిచ్చును.

పద్ధతి మారినకొలది బీరు రకము మారును. సుమారు 15 నుండి 24 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో పులిసి, పండ్ల వాసన నిచ్చునది ఏల్. అంతకంటె చల్లని చోట పులిసి, పిదప వారములకొలది చలిలో నిలువయుండునది లాగర్. 1842లో బొహీమియాలోని పిల్సెన్ నగరమున పుట్టిన బంగారువన్నె బీరు ఈ జాతిదే. మాడ్చిన బార్లీ వలన నల్లనై, కాఫీని తలపించునది స్టౌట్. జర్మనీ గోధుమ బీరులో లవంగము, అరటిపండు వాసనలు తోచును. ఆ రెండింటిని ఎవరును అందు వేయలేదు. ఆ వాసనగల పదార్థములను ఈస్టే తయారుచేయును.

ఇచ్చటనే తీర్పరికి మొదటి పాఠము గలదు. లవంగపు వాసన గోధుమ బీరునకు గుణము. పిల్సెన్ బీరునకు దోషము. కనుక “నాకు నచ్చినదా?” అని కాక, “ఈ రకమునకు తగినట్లున్నదా?” అని అడుగవలెను. అమెరికాలో 1985లో మొదలైన తీర్పరుల శిక్షణ సంస్థవారి పట్టికలో మొత్తము 50 మార్కులు: వాసనకు 12, రూపమునకు 3, రుచికి 20, నోటికి తగులు స్పర్శకు 5, మొత్తముమీద కలుగు అభిప్రాయమునకు 10.

దోషములకు కారణములు రసాయనశాస్త్రము చెప్పును. వెన్నవాసనకు డైఎసిటైల్ కారణము. ఎండ తగిలినచో హాప్స్ చేదు పదార్థము విడిపోయి, గంధకము గల దుర్వాసన పదార్థ మేర్పడును. బీరును గోధుమరంగు సీసాలలో పోయుట ఇందుకే.

అయినను కన్ను తీర్పును చెడగొట్టును. 2001లో ప్రకటింపబడిన ఒక ఫ్రెంచి పరిశోధనలో తెల్ల ద్రాక్షసారాయికి వాసనలేని ఎర్రరంగు కలిపి, ఆ విద్య నేర్చుచున్న 54 మంది కిచ్చిరి. వారు దానిని ఎర్ర ద్రాక్షసారాయిని వర్ణించు మాటలతో వర్ణించిరి! అందుచేత తయారుచేసినవారి పేరు దాచి, అంకెలు మాత్రము వేసి నమూనాల నిత్తురు.

1940 దశకములో డెన్మార్కులోని కార్ల్స్‌బెర్గ్ కర్మాగారమువారు త్రికోణ పరీక్షను వాడిరి. మూడు గ్లాసులలో రెండింట ఒకే బీరు, ఒకదానిలో వేరొకటి. వేరైనది ఏదో గుర్తింపవలెను. ఏమియు తెలియనివాడును మూటికి ఒకసారి సరిగా చెప్పగలడు. కావున 12 మందిలో నలుగురు సరిగా చెప్పిన అది విశేషము కాదు. ఎనమండుగురు, లేక అంతకు మించి, ఊహతోనే సరిగా చెప్పుట నూటికి సుమారు రెండుసార్లు మాత్రమే జరుగును. అంతమంది గుర్తించినచో భేదము నిజమని నమ్మవచ్చును.

మద్యము విద్యార్థులకు తగదు. ఈ పరీక్షకు అది అక్కరయు లేదు. మజ్జిగ చాలును. ఒకదానిలో ఉప్పు కొంచె మెక్కువ వేసి మూడు గ్లాసులు అమర్చవలెను. రెండు మజ్జిగలను మూడు గ్లాసులలో అమర్చుటకు ఆరు వరుసలు గలవు. 12 మంది విద్యార్థులున్నచో ఒక్కొక్క వరుస రెండుసార్లు వచ్చును. వరుస తెలిసినవాడు గ్లాసుల నందీయరాదు. ఎనమండుగురికి తక్కువ గుర్తించినచో భేదము లేదని కాదు. ఉన్నదనుటకు సాక్ష్యము చాలలేదని మాత్రమే అర్థము.

ఒక్క నాలుక పొరబడవచ్చును. పన్నెండు నాలుకలను, వాటికి తోడు లెక్కను కూర్చినచో, ఆ పొరబాటు ఎంతటిదో తెలియును. ఎంత పొరబడుచున్నదో తెలిసిన పరికరమును నమ్మవచ్చును.