ఒక కంప్యూటరులో పెక్కు సర్వరులు

మీరు మిల్లునకు తోలిన ధాన్యపు లెక్క పూర్వము గుమాస్తా చిట్టాలో నుండెడిది. నేడు తఱచుగ సర్వరులో నున్నది. సర్వరనగా, అడిగినవారికి కావలసిన సమాచారము నందించు కంప్యూటరు. మోస్తరు వ్యాపారమునకైనను లెక్కల కొకటి, ఉత్తరముల కొకటి, దస్తావేజుల కొకటిగ మూడు నాలుగు కావలసివచ్చును. ఒకదాని తెగులు మఱియొకదాని కంటకుండుటకై వానిని వేఱువేఱుగ నుంచుట పాత పద్ధతి. కాని వానిలో ననేకములు చాలసేపు పనిలేక యుండియు విద్యుచ్ఛక్తిని మ్రింగుచునే యుండును. దున్నని యెడ్లకు నిండు మేత వేయుట వంటిది.

ఒకే కంప్యూటరును లోలోపల పెక్కు కంప్యూటరులుగ నడపుట యిందులకు ఉపాయము. లోపలి యొక్కొక్కదానిని వర్చువల్ మెషీను అనియు, అన్నిటిని పాలించు ప్రోగ్రామును హైపర్‌వైజరు అనియు నందురు. ఇది నిన్న మొన్నటిది కాదు. 1960 దశకముననే అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐ.బి.ఎం. వారు దీనిని నడపిరి. గది నిండు కంప్యూటరును పలువురు ఎవరికి వారు తమదే యనుకొనునట్లు వాడుకొనుటయే నాటి యుద్దేశము. 1999లో వి.ఎం.వేర్ సంస్థ దీనిని బల్లమీది కంప్యూటరులకు తెచ్చినది.

చెఱువు క్రింద నీరుకట్టువాడు చేయు పనియే హైపర్‌వైజరు చేయునది. ప్రాసెసరు కాలమును సెకండులో అతిస్వల్పమైన వంతులుగ పంచును. మెమరీని మడులవలె విభజించి యిచ్చును. లోపలి యంత్రము తానే తూము నెత్తబోయిన, అనగా అసలు పరికరములను సూటిగ తాకబోయిన, దాని నాపి ఆ పని తానే చేసిపెట్టును. ఇట్లాపుటకు తోడ్పడు శక్తిని ఇంటెల్ 2005లోను, ఏ.ఎం.డి. 2006లోను తమ ప్రాసెసరులలోనే చేర్చినవి. మఱొక వింత: లోపలి యంత్రపు డిస్కు సాధారణముగ అసలు డిస్కుపై నొక పెద్ద ఫైలు మాత్రమే. కావున యంత్రమునంతయు కాగితపు కట్టవలె నకలు తీసి, వేఱొక కంప్యూటరుపై లేపవచ్చును. నా దృష్టిలో విద్యుత్తు ఆదాకంటె ఇదియే గొప్ప లాభము.

కాని చెఱువులో లేని నీటిని మాట యిచ్చుటయు కలదు. 32 గిగాబైట్ల మెమరీ గలచోట నాలుగు యంత్రములకు పదేసి గిగాబైట్లు వాగ్దానము చేయవచ్చును. అన్నియు నొక్కసారి యడిగిననాడు డిస్కునే మెమరీగ వాడవలసివచ్చి, పనులన్నియు నత్తనడక నడచును. అంతకన్న పెద్ద భయము గట్టు తెగుట. అసలు కంప్యూటరు చెడిన నాలుగు సర్వరులును ఒక్కసారిగ నాగును. స్నాప్‌షాట్ ఉన్నది గదా యని కొందఱు ధీమాగ నుందురు. అది ఒకనాటి స్థితిని గుర్తుంచుకొనుట మాత్రమే. అదే డిస్కుపై నున్నచో దానితోడనే పోవును. నకలు వేఱొక డిస్కుపై, కుదిరిన వేఱొక కట్టడములో నుండవలెను.

నకలున్నదని చెప్పిన చాలదు; ఏడాదికి రెండు మాఱులైనను దానిని వేఱొక కంప్యూటరుపై లేపి చూడవలెను. చూచునప్పుడు లెక్కల యంత్రమునే మొదట లేపవలెను. ఉత్తరములు ఒక పూట ఆలసించిన నష్టము లేదు. ధాన్యపు సొమ్మునకై బండ్లతో వచ్చిన రైతులు వాకిట నిలిచియుందురు.