గర్భస్థ శిశువుకు విటమిన్ ఎ లోపం – మూత్రపిండాలు, రక్తపోటు

విటమిన్ ఎ లోపం అనగానే మీకు రేచీకటి గుర్తుకు వస్తుంది. అధిక రక్తపోటు అనగానే ఉప్పు, ఊబకాయం, వయసు గుర్తుకు వస్తాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. ఇందులో ఎంతవరకు నమ్మవచ్చో, ఎక్కడ ఆగాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

ముందుగా మూత్రపిండం నిర్మాణాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. రక్తాన్ని వడపోసే ప్రమాణం నెఫ్రాన్. ఒక్కో మూత్రపిండంలో సగటున సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ఈ సంఖ్య అందరిలో ఒకేలా ఉండదు. మనిషికీ మనిషికీ కొన్ని రెట్ల తేడా కనిపిస్తుంది. గర్భంలో సుమారు 36వ వారానికి నెఫ్రాన్ల తయారీ ముగుస్తుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ తరవాత కొత్త నెఫ్రాన్ ఒక్కటి కూడా ఏర్పడదు. పుట్టుకతో వచ్చిన మూలధనంతోనే జీవితమంతా గడపాలి.

విటమిన్ ఎ పాత్ర ఇక్కడే మొదలవుతుంది. పిండంలో మూత్రనాళపు మొగ్గ చెట్టు కొమ్మల్లా చీలుతూ పెరుగుతుంది. ప్రతి కొమ్మ చివరా నెఫ్రాన్లు రూపుదిద్దుకుంటాయి. కొమ్మలు తగ్గితే నెఫ్రాన్లూ తగ్గుతాయి. మొగ్గ చీలడానికి ‘రెట్’ అనే గ్రాహకం అవసరం. ఆ గ్రాహకం తగినంతగా తయారు కావాలంటే విటమిన్ ఎ నుంచి ఏర్పడే రెటినోయిక్ ఆమ్లం ఉండాలి. ఫ్రాన్స్‌లో ఎలుకలపై జరిపి 1998లో ప్రచురించిన ప్రయోగంలో తల్లి ఎలుకలకు స్వల్ప లోపం మాత్రమే కలిగించారు. పిల్లలు పైకి మామూలుగానే ఉన్నాయి, కాని వాటి నెఫ్రాన్ల సంఖ్య సుమారు 20 శాతం తగ్గింది. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవడమే ఇందులో మీరు గమనించవలసిన విషయం.

నెఫ్రాన్లు తక్కువైతే రక్తపోటు ఎందుకు పెరగాలి? పది మంది చేసే పనిని ఆరుగురు చేయవలసి వచ్చినట్లు, ఉన్న ప్రతి నెఫ్రాన్ పైనా భారం పెరుగుతుంది. వడపోసే ఉపరితలం తగ్గడంతో తిన్న ఉప్పును పూర్తిగా బయటికి పంపడం కష్టమవుతుంది. ఉప్పుతోపాటు నీరూ నిలిచి రక్త పరిమాణం పెరుగుతుంది. అధిక భారం మోసిన నెఫ్రాన్లు క్రమంగా గట్టిపడి చెడిపోతాయి. మిగిలిన వాటిపై భారం ఇంకా ఎక్కువవుతుంది. బ్రెన్నర్, ఆయన సహచరులు 1988లో ప్రతిపాదించిన భావన ఇదే. జర్మనీలో 2003లో వెలువడిన పరిశీలన దీనికి బలం చేకూర్చింది. ప్రమాదాల్లో మరణించినవారిలో రక్తపోటు ఉన్న 10 మందిని, లేని 10 మందిని పోల్చారు. మొదటి వారిలో ఒక్కో మూత్రపిండంలో సుమారు 7 లక్షలు, రెండో వారిలో సుమారు 14 లక్షల నెఫ్రాన్లు ఉన్నాయి.

మనుషుల్లో విటమిన్ ఎ సంగతేమిటి? మాంట్రియల్, బెంగళూరు నగరాల్లోని నవజాత శిశువులను పోల్చిన అధ్యయనం 2007లో వెలువడింది. బెంగళూరు తల్లుల్లో సగానికి పైగా విటమిన్ ఎ తక్కువగా ఉంది. వారి బిడ్డల మూత్రపిండాలు శరీర పరిమాణంతో సరిచూసినా చిన్నవే. అయితే రెండు ఊళ్ల మధ్య తేడాలు విటమిన్ ఒక్కదానితో ఆగవు కదా! నేపాల్‌లోని సర్లాహీ జిల్లాలో గర్భిణులకు విటమిన్ ఎ ఇచ్చి, వారి పిల్లలను 9–13 ఏళ్ల వయసులో పరీక్షించారు. ఊపిరితిత్తుల పనితీరు మెరుగ్గా ఉంది (అవి కూడా కొమ్మలుగా చీలే అవయవాలే), కాని రక్తపోటులో తేడా కనిపించలేదు. అంటే గొలుసులోని లింకులు విడివిడిగా గట్టివే; గొలుసు మొత్తం మనుషుల్లో రుజువు కాలేదు. పరీక్షలో ‘విటమిన్ ఎ లోపం వల్ల రక్తపోటు వస్తుంది’ అని ఒక్క వాక్యంలో రాస్తే అది తప్పు జవాబే.

మన దేశంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో పిల్లలకు భారీ మోతాదు విటమిన్ ఎ కార్యక్రమం మొదలైంది. తొమ్మిదో నెలలో మొదటి మోతాదు ఇస్తారు. అది కంటిని కాపాడగలదు, కాని నెఫ్రాన్ల సంఖ్యను పెంచలేదు. ఆ గడువు అప్పటికే దాటిపోయింది. అలాగని గర్భిణికి మాత్రలు ఎక్కువగా ఇవ్వడమూ ప్రమాదమే. తొలి నెలల్లో అధిక మోతాదు రెటినాల్ పిండంలో అవయవ లోపాలు కలిగించగలదు. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్‌ను గర్భిణులకు నిషేధించింది ఇందుకే. మునగాకు, తోటకూర, చిలగడదుంపల్లోని బీటా కెరోటిన్‌తో ఈ భయం లేదు, శరీరం దాన్ని అవసరమైనంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. ఆకుకూరను కాస్త నూనెతో వండితేనే కెరోటిన్ బాగా ఒంటబడుతుంది. ఉడికించిన నీళ్లు వార్చి, నూనె చుక్క లేకుండా పెట్టే ‘పత్యపు కూర’ ఆ లెక్కన గర్భిణికి తక్కువే ఇస్తుంది.

మీ అవగాహనను సరిచూసుకోండి: 50 ఏళ్ల వ్యక్తి ఒకరు రక్తపోటు తగ్గుతుందని విటమిన్ ఎ మాత్రలు వేసుకుంటున్నారు. పైన చదివిన దాన్నిబట్టి ఆయనకు మీరేమి చెబుతారు? కారణాలతో ఐదు వాక్యాల్లో రాయండి.