రెండు, నాలుగు... తర్వాత ఎంత?

2, 4. ఈ వరసలో తర్వాత వచ్చే సంఖ్య ఏది? చదవడం కాస్త ఆపి, మీ జవాబు ఒక కాగితం మీద రాసుకోండి.

6 అని రాశారా? తప్పు కాదు. 8 అని రాశారా? అదీ తప్పు కాదు. రెండే సంఖ్యలు ఇస్తే వరస ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. 2 కలుపుతూ పోతే 6 వస్తుంది. 2తో గుణిస్తూ పోతే 8 వస్తుంది. కలుపుతూ పోయే వరసను తెలుగు పాఠ్యపుస్తకాల్లో అంకశ్రేఢి అంటారు. గుణిస్తూ పోయేది గుణశ్రేఢి. 'శ్రేఢి' పలకడానికి కొంచెం కష్టమైన మాటే, రెండుమూడు సార్లు పైకి చదవండి. మన దక్షిణాఫ్రికా బడుల్లో పన్నెండో గ్రేడు పిల్లలు ఈ పాఠం ఇంగ్లీషులో చదువుతారు. ఇక్కడ దాన్ని తెలుగులో, మన ఇళ్ల లెక్కలతో చూద్దాం.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తెచ్చిన మొదటి ఓడ అదే. కొంతకాలానికి ఒప్పందం ఐదేళ్లుగా స్థిరపడింది. మగవాళ్లకు మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం. ఆ తర్వాత ఏడాదికి ఒక్క షిల్లింగు చొప్పున పెరుగుతుంది: 10, 11, 12, 13, 14.

ఇది అంకశ్రేఢి. 10 మొదటి పదం. పక్కపక్క పదాల మధ్య ఉన్న తేడా 1. ఆ తేడాను పదాంతరం అంటారు. ఆడవాళ్లకు ఇందులో సగం జీతమే: 5, 5½, 6, 6½, 7. సగం చేసినా అది అంకశ్రేఢే. పదాంతరం మాత్రం అర షిల్లింగుకు తగ్గింది.

ఇప్పుడు పిల్లలు పరీక్షల్లో ఎక్కువగా పొరబడే చోటు చూడండి. ఐదో ఏడాది జీతం కావాలంటే 10కి 5 కలిపి 15 అని రాస్తారు. మొదటి మెట్టు మీద మీరు ముందే నిలబడి ఉన్నారు. ఐదో మెట్టు చేరడానికి ఎక్కాల్సినవి నాలుగే. అందుకే 10కి 4 కలిపితే 14. ఎన్నో పదం కావాలో ఆ సంఖ్యలోంచి 1 తీసేసి, పదాంతరంతో గుణించి, మొదటి పదానికి కలపండి. సూత్రం అంతే.

మరి ఐదేళ్లలో మొత్తం ఎంత వస్తుంది? మొదటిదాన్నీ చివరిదాన్నీ జత చేయండి: 10, 14 కలిస్తే 24. 11, 13 కలిసినా 24. మధ్యలో 12 మిగిలింది. మొత్తం 60. ఏడాదికి 12 నెలలు కాబట్టి 720 షిల్లింగులు. పౌండుకు 20 షిల్లింగులు, అంటే 36 పౌండ్లు. ఇది కాగితం మీది లెక్క. పనికి రాని రోజులకు జీతం కోసేవారు కాబట్టి చేతికి అంత వచ్చేది కాదు.

1895లో నటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఆ తర్వాత వచ్చిన కూలీ ఒప్పందం ముగిశాక ఇండియాకు తిరిగి పోవాలి, లేదా మళ్లీ ఒప్పందంలో చేరాలి. రెండూ వద్దంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. 1903లో ఆ పన్ను పిల్లలకూ వచ్చింది: మగపిల్లలకు 16 ఏళ్ల నుంచి, ఆడపిల్లలకు 13 ఏళ్ల నుంచి. నాన్న, అమ్మ, కొడుకు, కూతురు అని వరసగా లెక్కపెట్టండి: 3, 6, 9, 12. ఇదీ అంకశ్రేఢే, పదాంతరం 3. ఐదో ఏడాది రేటున, నెలకు 14 షిల్లింగుల చొప్పున, నాన్నకు ఏడాదికి వచ్చేది 8 పౌండ్ల 8 షిల్లింగులు. ఇంటి పన్ను 12 పౌండ్లు! ఎంతోమంది మళ్లీ ఒప్పందం మీద వేలిముద్ర ఎందుకు వేశారో ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1913 సమ్మె తర్వాత, 1914లో ఆ పన్ను పోయింది.

ఇక గుణశ్రేఢి. మీకు అమ్మ, నాన్న ఇద్దరు. వాళ్ల అమ్మానాన్నలు నలుగురు. ముత్తాతలు, ముత్తవ్వలు కలిసి ఎనిమిది మంది. అలా 2, 4, 8, 16, 32. ప్రతి పదాన్నీ ముందు పదంతో భాగిస్తే 2 వస్తుంది. దాన్ని సామాన్య నిష్పత్తి అంటారు. ఐదో పదానికి ఇక్కడా నాలుగు మెట్లే, కాకపోతే ఒక్కో మెట్టు దగ్గర కలపడం బదులు గుణిస్తాం. పదో తరానికి 1,024. ఇరవయ్యో తరానికి 10,48,576. అదే 2, 4, 6 అని కలుపుతూ పోయి ఉంటే ఇరవయ్యో పదం 40 మాత్రమే.

ఐదో తరంలోని ఆ 32 మందిలో మీకు ఎన్ని పేర్లు తెలుసు? చాలామందికి ఒకటో రెండో తెలుస్తాయి, అదీ ఓడ జాబితాలో వెతికితే.

కానీ మన తెలుగులో 'వరస' అంటే చుట్టరికం కూడా. మీ అమ్మ మీ నాన్నకు మేనమామ కూతురే అనుకుందాం. అప్పుడు మీ నానమ్మ, మీ అమ్మ తండ్రి స్వయానా అక్కాతమ్ముళ్లో అన్నాచెల్లెళ్లో అవుతారు. వాళ్లిద్దరికీ అమ్మానాన్నలు ఒకరే. ఎనిమిది మంది ఉండాల్సిన చోట ఆరుగురే ఉంటారు. ఇప్పుడు వరస 2, 4, 6. అంకశ్రేఢిలా కనిపిస్తోంది కదా? తొందరపడకండి. ఆ ఆరుగురూ వేరువేరు ఇళ్లవాళ్లైతే పై తరంలో 12 మంది. 2, 4, 6, 12: తేడాలు సమానం కావు, నిష్పత్తులూ సమానం కావు. ఇది అంకశ్రేఢీ కాదు, గుణశ్రేఢీ కాదు.

మీ ఇంటి వరస ఏదో మీరే రాసి చూడండి. మూడో తరం దగ్గర ఆరు పేర్లే వస్తే, మేనరికం ఎవరిదో అమ్మమ్మను అడగండి. తెలుగులోనే అడగండి, 'వరస' అనే మాట ఆవిడ మీకంటే బాగా వాడుతుంది.